రోగి రాసిన ఉత్తరం, రోగి గురించి రాసిన ఉత్తరాలు

1811లో ఎనిమిది రోజుల తేడాతో, అట్లాంటిక్ సముద్రానికి అటొకరు ఇటొకరుగా ఇద్దరు స్త్రీలు ఒకే ఆపరేషన్ చేయించుకున్నారు. సెప్టెంబరు 30న పారిస్‌లో ఇంగ్లీషు నవలా రచయిత్రి ఫ్యానీ బర్నీ. అక్టోబరు 8న అమెరికాలో, బోస్టన్ దాపున క్విన్సీ అనే ఊళ్లో, మాజీ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కూతురు అబిగెయిల్ ఆడమ్స్ స్మిత్. తల్లి పేరే ఈమెకూ పెట్టారు కనుక ఇంట్లో నేబీ అని పిలిచేవారు. ఇద్దరికీ రొమ్ములో గడ్డ. ఇద్దరికీ ఇంట్లోనే కోసి రొమ్ము తీసేశారు. మత్తుమందు అప్పటికి లేదు, ఈథర్ రావడానికి ఇంకా 35 ఏళ్లు పడుతుంది. బర్నీకి అప్పుడు 59 ఏళ్లు, నేబీకి 46.

రెండు కుటుంబాలూ ప్రొటెస్టెంట్ క్రైస్తవులవే. బర్నీ భర్త మాత్రం క్యాథలిక్. రెండు కుటుంబాల్లోనూ మనుషులు పరాయి దేశంలో ఉన్నారు. బర్నీ తానే పారిస్‌లో చిక్కుకుపోయింది, తండ్రీ అక్కచెల్లెళ్లూ ఇంగ్లండ్‌లో ఉన్నారు. ఆడమ్స్‌లలో నేబీ పుట్టింట్లోనే ఉంది కానీ తమ్ముడు జాన్ క్విన్సీ ఆడమ్స్ భార్యాబిడ్డలతో రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అమెరికా రాయబారిగా ఉన్నాడు. కాబట్టి ఈ రెండు ఆపరేషన్ల కబురూ యుద్ధాల మధ్య నుంచి, నెలలు పట్టే దారిలో, ఉత్తరాల మీద ప్రయాణం చేయాల్సి వచ్చింది. ఆ ఉత్తరాలు ఇవాళ్టికీ ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్న ఒక వ్యవహారం బయటపడుతుంది.

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో జబ్బు కబురుకి రెండు రూపాలున్నాయి. డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్లకి ఆపరేషన్ అంటే ముందురోజు రాత్రి ఊళ్లో సంఘానికి, చుట్టాలకి ‘ప్రార్థన అవసరత’ వస్తుంది. మర్నాడు ‘ప్రభువు కృపను బట్టి ఆపరేషన్ బాగా జరిగింది, స్తోత్రం’ అని రెండో కబురు. ఇవి రాసేది భర్తో, కొడుకో, వదినగారో. ఇక రెండో రూపం సాక్ష్యం. కోలుకున్న మనిషి కొన్ని నెలల తర్వాత ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి తన నోటితో చెప్పేది. మొదటిది చుట్టూ ఉన్నవాళ్ల మాట, రెండోది పడ్డవాళ్ల మాట. ఆడమ్స్ కుటుంబం ఉత్తరాలు మొదటి రకం, బర్నీ ఉత్తరం రెండో రకం. మన సాక్ష్యాల్లో వినిపించనివి బర్నీ చాలా చెబుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు బర్నీ. ‘ఎవెలీనా’ అనే నవలతో 1778లో పేరు తెచ్చుకుంది. ఐదేళ్లపాటు షార్లెట్ రాణి కొలువులో పనిచేసింది. ఫ్రెంచి విప్లవం నుంచి పారిపోయి ఇంగ్లండ్ చేరిన జనరల్ దార్బ్లేని 1793లో పెళ్లి చేసుకుంది. 1802లో యుద్ధం ఆగినప్పుడు భర్త దగ్గరికని ఏడేళ్ల కొడుకుతో పారిస్ వెళ్లింది. మరుసటి ఏడాది బ్రిటన్‌కి, ఫ్రాన్స్‌కి మళ్లీ యుద్ధం మొదలైంది. పదేళ్లు వెనక్కి రాలేకపోయింది. టపా సరిగా నడవని రోజులవి. ఎవరైనా ప్రయాణం కట్టినప్పుడు వాళ్ల చేతికి ఉత్తరం ఇచ్చి పంపాలి.

ఆపరేషన్ సంగతి ఆమె అక్క ఎస్తర్‌కి రాయడం మొదలుపెట్టింది 1812 మార్చిలో. ముగించింది జూన్‌లో. అంటే ఆరు నెలలు కలం పట్టలేకపోయింది, పట్టాక మూడు నెలలు సాగింది. నెలల తరబడి ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేకపోయాననీ, రాసింది తిరిగి చదువుకునే ధైర్యం కూడా లేదనీ ఆమే చెప్పుకుంది. రాయడానికి కారణం కూడా చెప్పింది. ఎవరో చెప్పగా సగం సగం విని అక్క బెంగపడుతుందేమోనని. ఇంట్లో ఆడవాళ్లు ఎవరికైనా ఇలాంటిది వస్తే ఆలస్యం చేయకూడదని కూడా. ముసలి తండ్రికి మాత్రం తెలియనివ్వొద్దంది.

ఈ ఉత్తరంలో ఏముంది? అన్నీ ఉన్నాయి. ఆ రోజు ఒంటిగంటకని చెప్పి మూడింటికి మార్చడం ఉంది. ఆ రెండు గంటలూ ఏం చేయాలో తోచక, సిద్ధం చేసిన గదిలోకి వెళ్లి బ్యాండేజీల గుట్ట, దూది, స్పాంజీలు చూసి వెనక్కి తగ్గి, మళ్లీ వెళ్లి, చివరికి మనసు మొద్దుబారిపోయేదాకా అటూ ఇటూ తిరగడం ఉంది. భర్త చూడలేడని ఆయన్ని ఆఫీసులోనే ఆపి ఉంచేలా ముందుగా ఏర్పాటు చేసుకుంది. ఒకవేళ బతక్కపోతే అని ఆయనకీ కొడుక్కీ నాలుగు మాటలు రాసి పెట్టింది. తర్వాత చెప్పాపెట్టకుండా నల్లకోట్లు వేసుకున్న ఏడుగురు మగవాళ్లు గదిలోకి వచ్చారు. వాళ్లలో లారే ఉన్నాడు. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన సర్జన్. దుబ్వా ఉన్నాడు. ఆ ఏడాది మార్చిలోనే నెపోలియన్ భార్యకి పురుడు పోసిన డాక్టరు. మంచం గది మధ్యకి లాగమన్నది, పాత పరుపులు రెండు, పాత దుప్పటి ఒకటి తెమ్మన్నది ఆయనే. పాత పరుపులు ఎందుకో ఆమెకి అర్థమైంది. పనిమనుషుల్ని బయటికి పొమ్మన్నారు. అందరూ పోయారు, ఒక్కతె పోలేదు. ఆ క్షణంలో అక్కచెల్లెళ్లు గుర్తొచ్చారని రాసింది. తనకోసం అడ్డు నిలబడేవాళ్లు, బట్ట సరిచేసేవాళ్లు ఒక్కరూ లేరని. పరాయి దేశంలో ఉండడం అంటే ఏమిటో ఈ ఒక్క చోట తెలిసినంతగా, దేశాంతరం పోయినవాళ్ల గురించి రాసిన పెద్ద పెద్ద పుస్తకాల్లో నాకు తెలియలేదు.

ఆమె ముఖం మీద ఒక పలచటి చేతిరుమాలు కప్పారు. దానిగుండా అంతా కనిపిస్తోంది. మంచం చుట్టూ మనుషులు, కత్తి మెరుపు. రొమ్ము ఎవరు పట్టుకుంటారని ఒక డాక్టరు అడిగితే ఎవరూ పలకలేదు.  అప్పుడు రుమాలు గుండా ఒక వేలు గాలిలో గీతలు గీయడం చూసింది. నిలువు, అడ్డం, తర్వాత గుండ్రంగా. గడ్డ ఒక్కటే కాదు, రొమ్ము మొత్తం తీసేయబోతున్నారని అలా తెలుసుకుని, రొమ్ము తనే పట్టుకుంటానంది. ఆ తర్వాతిది నేను ఇక్కడ వివరంగా చెప్పను. కత్తి రొమ్ము ఎముకకు తగిలి గీకడం దాకా ఆమె రాసింది, ధైర్యం ఉన్నవాళ్లు అక్కడే చదువుకోవాలి. మొత్తం ఇరవై నిమిషాలు. చివర్లో ఆమె కళ్లు తెరిచి చూస్తే లారే ముఖం తనదానిలాగే పాలిపోయి ఉంది, దాని మీద నెత్తుటి చారలున్నాయి.

ఇది అనుభవమే కానీ చేయి తిరిగిన నవలాకారిణి అమర్చిన అనుభవం. ఒంటిగంట, మూడు గంటలు, ఏడుగురు, పారదర్శకమైన రుమాలు, గాలిలో వేలు – ఒక్కో వస్తువూ పాఠకుడి ఊపిరి బిగబట్టించేలా వరసలో పడ్డాయి. నెలల తర్వాత రాసిన సంభాషణలు అక్షరం పొల్లుపోకుండా అలాగే జరిగి ఉండవు. దానివల్ల ఉత్తరం విలువ తగ్గిందనుకోను. నేర్పు లేకపోతే అంత భయం కాగితం మీద నిలిచేది కాదు. మెచ్చుకోవలసిన ఇంకో సంగతి ఉంది. ఆమె ఒక్కతే మాట్లాడలేదు. భర్త ఫ్రెంచిలో రాసిన మాటలు ఆ ఉత్తరానికి చేర్చింది. లారే శిష్యుడొకరు రాసిన వైద్య నివేదిక కూడా దానితో కలిసి ఉంది. రోగి మాట, మొగుడి మాట, డాక్టరు మాట మూడూ ఒకే కట్టలో. నివేదిక చదివితే ఆపరేషన్ కష్టమైనదనీ రోగి ధైర్యంగా ఓర్చుకుందనీ తెలుస్తుంది. ఉత్తరం చదివితే ఆ ధైర్యం ఏ ధరకి వచ్చిందో తెలుస్తుంది.

ఇప్పుడు ఆడమ్స్‌లు. నేబీకి గడ్డ కనబడింది 1810లో. అప్పుడామె భర్తతో న్యూయార్క్ రాష్ట్రంలో మారుమూల ఊళ్లో ఉంటోంది. 1811 వేసవిలో పుట్టింటికి వచ్చి బోస్టన్ డాక్టర్లకి చూపించుకుంది. వాళ్లు పెద్దగా కంగారు పడలేదు. ఆమెకి అనుమానం తీరక, తండ్రి స్నేహితుడూ ఫిలడెల్ఫియాలో పేరున్న వైద్యుడూ అయిన బెంజమిన్ రష్‌కి తనే ఉత్తరం రాసింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు ఈ రష్. సెప్టెంబరు 20న ఆయన జవాబు రాశాడు. కత్తి పెట్టించాల్సిందేనని, ఆలస్యం పనికిరాదని. అయితే ఆ జవాబు నేబీకి రాయలేదు. తండ్రికి రాశాడు. తల్లిదండ్రులు మెల్లమెల్లగా, భయపడకుండా ఆమె చెవిన వేయాలని కోరాడు.

రాసింది కూతురు, జవాబు వచ్చింది తండ్రికి. ఈ రెండు కుటుంబాల తేడా అంతా నాకు ఆ ఒక్క చిరునామాలో కనబడుతుంది. పారిస్‌లో రోగే నిర్ణయించింది ఎవరికి చెప్పాలో, ఎవరికి దాచాలో. భర్తని పంపించేసింది, తండ్రికి దాచమంది, అక్కకి అంతా చెప్పింది. క్విన్సీలో రోగి చుట్టూ ఉన్నవాళ్లు నిర్ణయించారు. ప్రేమతోనే. రష్ మంచివాడే, ఆడమ్స్ దంపతులు కూతురి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లే. మన ఇళ్లలో ‘అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు’ అనే అన్నదమ్ములు కూడా ప్రేమతోనే అంటారు. కానీ ఆ ప్రేమ వల్ల 46 ఏళ్ల మనిషి తన ఒంటి గురించిన కబురు వాళ్లనీ వీళ్లనీ దాటి తన దగ్గరికి రావాలని కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఆపరేషన్ చేసినవాడు బోస్టన్ సర్జన్ జాన్ వారెన్. కొద్ది రోజుల్లోనే జాన్ ఆడమ్స్ రష్‌కి రాశాడు. డాక్టర్లందరూ చెడ్డ భాగం మొత్తం పోయిందని ఒక్కమాటగా చెప్పారని, మిగిలింది ఆరోగ్యంగా ఉందని. వార్త రాయవలసినట్టే రాశాడు. పొట్టిగా, తేటగా, ఆశతో. ఆ గదిలో నేబీకి ఎలా ఉందో మాత్రం అందులో వెతకనక్కర్లేదు. రాయడం రాని మనిషా ఆమె? కాదు. 1785లో తండ్రి బ్రిటన్‌లో తొలి అమెరికా రాయబారి అయినప్పుడు తల్లితో పాటు షార్లెట్ రాణి దర్బారుకి వెళ్లింది. మరుసటి ఏడే బర్నీ ఆ రాణి కొలువులో చేరింది. నేబీ యౌవనంలో రాసిన డైరీని, ఉత్తరాలని ఆమె కూతురు 1841లో పుస్తకంగా వేసింది. కళ్లు తెరుచుకుని చూసి రాసిన మనిషి ఆమె. అయినా జీవితంలోకెల్లా కఠినమైన ఆ రోజు మనకి తల్లిదండ్రుల కలం నుంచే అందుతోంది.

అలాగని ఆడమ్స్‌ల ఉత్తరాలని కొట్టిపారేయలేను. వాటిలో బర్నీ దగ్గర లేనిది ఒకటుంది. ఇల్లు. ఆ సెప్టెంబరులో జాన్ ఆడమ్స్ ఆకాశంలో తోకచుక్కని చూడటానికి చీకట్లో బయటికి వెళ్లి, కర్రకి తగిలి కాలు ఎముక దాకా చీల్చుకుని మంచం పట్టాడు. అక్టోబరు 16న నేబీ తల్లి అబిగెయిల్‌కి బావ అయిన రిచర్డ్ క్రాంచ్ పోయాడు. మర్నాడే ఆయన భార్య, అబిగెయిల్ అక్క మేరీ పోయింది. నేబీకి కోత పడి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. మొగుడి కాలికి కట్టు, కూతురి గాయానికి కట్టు, అక్కా బావల చావులు – వీటన్నిటి మధ్య అబిగెయిల్ నవంబరులో కూర్చుని పీటర్స్‌బర్గ్‌లో ఉన్న కొడుక్కి అన్నీ వరసగా రాసింది. నేబీ సంగతి ఆ కష్టాల్లో ఒకటి మాత్రమే. ఆస్పత్రి నుంచి వచ్చిన ఆడవాళ్లు నిజంగా ఎలాంటి ఇంట్లో కోలుకుంటారో ఆ ఉత్తరం చూస్తే తెలుస్తుంది. బర్నీ ఉత్తరంలో ప్రపంచం అంతా ఆ మంచం చుట్టూ ఆగిపోయి ఉంటుంది. క్విన్సీలో ఎవరికీ ఆగే తీరిక లేదు.

రష్యాలో కొడుకు ఆ ఉత్తరాలు ఎప్పుడో నెలలు గడిచాక అందుకున్నాడు. వింత ఏమిటంటే, అదే 1811 సెప్టెంబరులో ఆయన పీటర్స్‌బర్గ్ నుంచి, అమెరికాలో వదిలి వచ్చిన పదేళ్ల కొడుకు జార్జికి బైబిలు ఎలా చదవాలో చెబుతూ ఉత్తరాలు మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే నాలుగైదు అధ్యాయాలు చదవడం తన అలవాటని చెప్పాడు. ఆ కుటుంబం దుఃఖాన్ని మోసింది ఆ చదువుతోనే. అబిగెయిల్ పాదిరిగారి కూతురు. కష్టం వచ్చినప్పుడల్లా దైవచిత్తానికి తల వంచే భాష ఆమెకి చిన్ననాటి నుంచీ నోటికి పట్టినది. మరుసటి ఏడాది పీటర్స్‌బర్గ్‌లో జాన్ క్విన్సీ పసికూతురు చనిపోయినప్పుడు కూడా ఆ కుటుంబానికి ఆసరా ఆ భాషే. దాన్ని పైపై మాట అనడానికి నాకు మనసొప్పదు. అలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లెవరూ అనరు. కానీ ఆ భాష బాధ దగ్గరికి చాలా త్వరగా వచ్చి దానిమీద దుప్పటి కప్పేస్తుంది. ‘ప్రభువు చిత్తం’ అని రాశాక, ‘అరిచింది’ అని రాయడానికి చోటు మిగలదు.

బర్నీ అరిచానని రాసింది. కోత సాగినంతసేపూ ఆపకుండా అరిచానని, ఆ అరుపు ఇంకా తన చెవుల్లో వినిపించకపోవడమే ఆశ్చర్యమని రాసింది. ఆమె భక్తురాలే, ఆమె కొడుకు తర్వాత ఇంగ్లండ్ చర్చిలో పాదిరీ అయ్యాడు. అయినా ఆ కథనాన్ని నడిపేది ప్రార్థన కాదు, చూపు. దీన్ని అవిశ్వాసం అనుకునేవాళ్లు యెషయా గ్రంథం 38వ అధ్యాయం తెరవాలి. హిజ్కియా రాజు మరణకరమైన రోగం నుంచి లేచాక రాసినది అక్కడుంది. అంజూరపు పండ్ల ముద్ద వేసి నయం చేసిన ఆ రోగం గురించి రాజు సగం దాకా మొరపెట్టుకోవడమే ఉంటుంది, స్తుతి తర్వాత వస్తుంది. యోబు స్నేహితుల సంగతీ అంతే. ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా పక్కన కూర్చున్నంతసేపూ వాళ్లు మంచి స్నేహితులు. దైవచిత్తం వివరించడం మొదలుపెట్టాకే చెడ్డారు. మన సంఘాల్లో సాక్ష్యం మాత్రం స్తుతితో మొదలై స్తుతితో ముగుస్తుంది. మధ్యలో రెండు నిమిషాలు బాధ, అదీ డాక్టరు చేతులెత్తేశాడని చెప్పడానికి. బర్నీ ఉత్తరం లాంటి సాక్ష్యాన్ని మన ఆరాధనలో ఎవరైనా చెబితే ఎవరో ఒక పెద్దాయన మధ్యలో ‘హల్లెలూయా’ అని కలగజేసుకుని కూర్చోబెట్టేస్తాడని నా అనుమానం.

ఒక్క విషయంలో బర్నీకి మినహాయింపు ఇవ్వాలి, లేదా ఆడమ్స్‌లకి ఇవ్వాలి. ఆమె రాసేనాటికి తను బతికానని ఆమెకి తెలుసు. 1812 ఆగస్టులో కొడుకుతో ఇంగ్లండ్ చేరుకుంది. 1840 దాకా, 87 ఏళ్లు బతికింది. అది అసలు క్యాన్సరేనా అని నేటి వైద్యులు కొందరికి సందేహం. ఆడమ్స్‌లు రాసేనాటికి ఏమీ తెలియదు. చెడ్డదంతా పోయిందన్న తండ్రి మాట నిజం కాలేదు. నేబీకి 1813లో జబ్బు తిరగబెట్టింది. చనిపోవడానికి పుట్టింటికే వెళ్లాలని పట్టుబట్టి, అంత నొప్పిలో దాదాపు 300 మైళ్లు బండి మీద ప్రయాణం చేసి క్విన్సీ చేరింది. ఆగస్టులో తల్లిదండ్రుల దగ్గర కన్నుమూసింది.    కాబట్టి అడిగిన వెంటనే చెప్పాల్సిన కబురుకి, బతికి బయటపడ్డాక చెప్పే కథకి ఒకే కొలత పెట్టడం అన్యాయం. నేబీ నెమ్మదిగా కోలుకుని, మరో పదేళ్లు బతికి ఉంటే, తన నోటితో చెప్పి ఉండేదేమో.

అయినా నా మొగ్గు బర్నీ వైపే. ఆడమ్స్ ఉత్తరాలు చదివాక నేబీ తండ్రి ఎవరో, తల్లి ఎలాంటి మనిషో, ఇల్లు ఎలా నడిచిందో బాగా తెలుస్తుంది. నేబీ తెలియదు. బర్నీ ఉత్తరం చదివాక ఆపరేషన్ బల్ల మీద పడుకున్న ప్రతి మనిషీ తెలుస్తుంది. జాన్ వారెన్ కొడుకు జాన్ కాలిన్స్ వారెన్ 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో ఈథర్ మత్తులో అందరి ఎదుటా ఆపరేషన్ చేసి చూపించాడు. తండ్రి నాటి రోగులు ఏం భరించారో ఆ తర్వాత మరిచిపోవడం సులువైంది. మరిచిపోకుండా ఆపేది బర్నీ కాగితాలే. వాటిని పూర్తిగా అచ్చు వేయడం 1975లో, జాయిస్ హెమ్లో సంపాదకత్వంలో గానీ జరగలేదు.

రెండూ చదవదలచుకున్నవాళ్లకి ఒక మాట. ముందు ఆడమ్స్‌లవి చదవండి, అమెరికా జాతీయ పత్రాల సంస్థ వాటిని ఉచితంగా అందుబాటులో ఉంచింది. బర్నీది తర్వాత చదవండి. వరస తిప్పితే ఆడమ్స్‌లు రాతిగుండె మనుషుల్లా కనిపిస్తారు, అది వాళ్లకి అన్యాయం. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయి కోలుకుంటూ ఉంటే, ‘ఎలా ఉంది’ అని వాళ్ల అబ్బాయిని కాకుండా వాళ్లనే అడగండి.